జీలుగు చెట్టు లేని బొమ్మ

అరకు లోయల ఒక లాడ్జి. పేరెందుకు గని, అసొంటివి అక్కడ చానా ఉన్నయి. పోయిన చలికాలం వలిసె పూలు విరగబూసినప్పుడు మేము నలుగురం ఒక వార్త పని మీద పోయి అండ్ల దిగినం. లోపలికి అడుగు పెట్టంగనే కౌంటర్ వెనకాల గోడకు పెద్ద ఆయిల్ పెయింటింగు. నది ఒడ్డున పల్లె. రెండు పూరిగుడిసెలు, మూడు కొబ్బరిచెట్లు, నడుము మీద కడవ పెట్టుకొని ఒకవైపు ఒంగి నడిచొస్తున్న ఆడామె, నీళ్ల మీద ఒక నాటుపడవ, పడవల తలపాగ కట్టుకున్న మనిషి. ఎనకాల నీలం రంగుల కొండలు, రెండు కొండల నడుమ పొద్దు. కింద మూలకు ‘అరకు అందాలు’ అని రాసి ఉన్నది.

ఆ బొమ్మను చూసి మాకు నవ్వొచ్చింది. ఎందుకంటె అది మాకు ఎరుకైన బొమ్మనే. మూడో తరగతిల మేము గీసిన బొమ్మ అదే. మా సారు బోర్డు మీద గీసిండు, మేము పలకల మీద గీసినం. రెండు కొండలు, నడుమ సూర్యుడు, కొండ మీదికెల్లి ఒక నది, నది ఒడ్డున గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు. మా ఊరికి నది లేదు. చెరువున్నది, చెరువుకు కట్ట ఉన్నది, తూము ఉన్నది, మత్తడి ఉన్నది. బతుకమ్మను ఆ చెరువులనే ఏసినం. ఊరి చుట్టు తాటిచెట్లు తప్ప కొబ్బరిచెట్టు మందుకన్న లేకుండె. అయినా ‘గ్రామ దృశ్యం’ గీయమంటె ఏ ఒక్కరం చెరువు గీయలె, తాటిచెట్టు గీయలె. పల్లె అంటె గిట్లుంటది అని పుస్తకం చెప్పింది, మేము నమ్మినం. మన కండ్ల ముందున్న దాన్ని పక్కకు పెట్టి, మనం చూడని దాన్ని మన ఊరని గీసినం. ఉద్యమంల తిరిగిన మా తరం ఆ బొమ్మను గుర్తుపట్టేసరికి డిగ్రీలు పూర్తయినయి.

అందుకే ఆ లాడ్జి బొమ్మ కాడ కొంచెం సేపు నిలబడ్డం. సామాను మోసే పిలగాడు, ముంచింగిపుట్టు దిక్కు ఊరోడు, మా పక్కన నిలబడ్డడు. ‘ఇది మీ ఊరేనా తమ్మీ’ అని అడిగినం. వాడు ఒకసారి బొమ్మను, ఒకసారి మమ్ముల చూసి, ‘కాదండి, ఇది గోదారి ఊరండి. మా వైపు ఈ చెట్టుండదు’ అన్నడు.

చూసిన్రా, ఇంత చదువుకున్న మాకు తట్టనిది వానికి ఒక్క చూపుల తట్టింది. మా కన్ను పడవ మీదికి పోయింది, వాని కన్ను చెట్టు మీదికి పోయింది.

వాని దిక్కు ఉండే చెట్టు జీలుగు. తాటికి తమ్ముడసొంటిది గని ఆకు చేప తోకలెక్క చీలి ఉంటది. కొండ మీద మనిషికి అది ఒక చెట్టు కాదు, ఒక కుటుంబ సభ్యుడు. జీలుగు కల్లు పొద్దున్నె అంబలికి జతైతది, పెండ్లికి, చావుకు, పండుగకు అదే మర్యాద. ఏ ఇంటికి ఏ చెట్టు చెందుతదో ఊరందరికీ తెలుసు. ఇది తాగుబోతు ముచ్చట అని తీసిపారేసెటోళ్లు చరిత్ర ఒక్కసారి తిరగెయ్యాలె. 1879ల రంప కొండలల్ల తిరుగుబాటు లేచింది. దానికి నిప్పురవ్వ ఏంది? కొండోళ్లు తమ చెట్ల నుంచి తాము గీసుకునే కల్లు మీద రంప మన్సబుదారు చిగురు పన్ను ఏసిండు. దాని మీదికెల్లి సర్కారు అబ్కారీ చట్టం తెచ్చి కల్లును మైదానం గుత్తేదార్ల చేతుల పెట్టింది. ద్వారబంధాల చంద్రయ్య అసొంటోళ్లు లేచిన్రు, పోలీసు ఠాణాలు కాలినయి, మద్రాసు సర్కారు పటాలాలను దింపవలసి వచ్చింది. ఒక చెట్టు కోసం పానాలు ఇచ్చిన కొండలవి. ఆ కొండలను బొమ్మ గీసిన మనిషి ఆ చెట్టునే తీసేసి కొబ్బరిచెట్టు పెట్టిండు.

పాపం, ఆ పెయింటర్‌ను తిట్టుడు మా ఉద్దేశం గాదు. వానికి లాడ్జి ఓనర్ ఏం చెప్పిండో, ఎంత ఇచ్చిండో. మా కొట్లాట ఆ బొమ్మ ఎనకాల ఉన్న చూపుతోటి.

ఇంక కొంచెం దగ్గరికి పోయి చూద్దాం. ఆ ఆడామె కడవ నడుము మీద ఉన్నది. కొండ మీద ఎత్తుపల్లాల దారిల నీళ్లు మోసే మనిషి కుండను నెత్తి మీద పెట్టుకుంటది, ఎందుకంటె ఒక చేయి పొదలను తప్పించుటానికి కావాలె. బొమ్మల ఆమె చీర కుచ్చిళ్లు పోసి కట్టింది. గదబ ఆడోళ్లు ఒకప్పుడు కెరంగ్ అనే చెట్టు నారను తీసి వాళ్ల మగ్గం మీద వాళ్లే ఎర్ర, నీలం, తెల్ల చారల బట్ట నేసుకున్నరు. చెట్టు నారతోటి తన బట్ట తాను నేసుకున్న మనిషిని బొమ్మలకెల్లి తీసేసిన్రు. నేల చూస్తె బల్లపరుపు వరిపొలం. వరి అక్కడ లేదని కాదు, గెడ్డల పొంట మడులు కట్టి మంచిగనే పండిస్తరు. కాని కొండవాలు మీద చోళ్లు, సామలు, కందులు, వలిసెలు కలగలిపి ఏసే పోడు ఏది? వలిసె పూల పచ్చదనం చూడటానికి హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి కార్లేసుకొని పోతున్నరు, ఆ తోటల నడుమ నిలబడి ఫోటోలు దిగుతున్నరు. అది పూలతోట గాదు, నూనె గింజల చేను, ఒక ఇంటి ఏడాది ఖర్చు అని తెలువక తొక్కిపోతున్నరు.

ఇగ ఆ నీలం కొండలు. దూరంకెల్లి చూస్తె కొండ నీలంగనే కనవడ్తది, అది నిజమే. కాని దగ్గరికి పోతె అరకు చుట్టుముట్టు కొన్ని కొండల నెత్తి ఎర్రగ ఉంటది. రక్తకొండ అని ఒకదానికి పేరే ఉన్నది. ఆ ఎరుపు బాక్సైటు. నీలం కొండకు కాపలా అవసరం లేదు, ఎర్ర కొండకే వకీళ్లు, కంపెనీలు, కోర్టులు. బొర్రా గుహలు చూసొచ్చి ‘అద్భుతం’ అనేటోళ్లల్ల ఎంతమందికి ఎరుక, అనంతగిరి మండలంల ఆ గుహల చుట్టుపక్కల ఊర్ల గనుల కొట్లాటనే 1997ల సుప్రీంకోర్టు దాక పోయి ‘సమత’ తీర్పు అయిందని? షెడ్యూలు ప్రాంతంల సర్కారు భూమిని కూడ గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇయ్యొద్దని ఆ తీర్పు చెప్పింది. ఆ తర్వాత కూడ సర్కార్లు పక్కదారులు ఎతుకుతనే ఉన్నయి. చింతపల్లి దిక్కు బాక్సైటుకు 2015ల జీవో 97 ఇచ్చిన్రు, జనం ఎదురు తిరిగిన్రు, 2019ల అది రద్దయింది. కొండకు నీలం రంగు ఏసినంక ఇవన్ని అండ్ల పట్టవు.

ఒక మాట ఒప్పుకోవాలె. కొండల బొమ్మ గీసినోళ్లందరు లాడ్జి పెయింటర్లు గాదు. రాజమండ్రిల దామెర్ల రామారావు అనే మహానుభావుడు ఉండె. 1897ల పుట్టిండు, 1925ల మశూచి తగిలి 28 ఏండ్లు నిండకముందే పోయిండు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ఆ పిలగాని చేయి చూసి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపిండు. తిరిగొచ్చి రాజమండ్రిల చిత్రకళాశాల పెట్టిండు. పురాణ కథలతోపాటు తన కండ్ల ముందు ఉన్న గోదావరిని, తూర్పు కనుమలను గూడ బొమ్మలల్లకు తెచ్చిండు. రవివర్మ అచ్చుబొమ్మలే కళ అనుకునే కాలంల ‘మన నది గూడ బొమ్మకు పనికొస్తది’ అన్న మనిషి. రాజమండ్రిల ఆయన పేరు మీద ఆర్ట్ గ్యాలరీ ఉన్నది. అక్కడ పెన్సిల్‌తోటి గీసుకున్న స్కెచ్చులు చూస్తె, అంత చిన్న వయసుల అంత నిదానమైన చేయి ఎట్లొచ్చిందా అని మేము చానసేపు కూసున్నం. లాడ్జి బొమ్మను, దామెర్లను ఒక గాటన కట్టేస్తె అది మా మూర్ఖత్వం.

అయినా ఒక తారీఖు మమ్ముల వదలటం లేదు. 1922. ఆ ఏడాది కలకత్త ప్రదర్శనల దామెర్ల గీసిన ‘ఋష్యశృంగ బంధనం’కు వైస్రాయ్ బహుమతి వచ్చింది. కథ మనకు తెల్సిందే. అడివిల పుట్టి, అడివిల పెరిగి, బయటి మనిషినే చూడని పిలగాడు. రాజ్యంల వానలు లేవని, వాని కాలు పడ్తె వాన పడ్తదని, ఆడోళ్లను పంపి, ఆశ చూపి, పడవెక్కించి పట్నం తోలుకపోతరు. అడివోని గుణం రాజుకు అక్కరకొచ్చింది, అడివోన్ని ఎవ్వడు అడగలె. అదే 1922 ఆగస్టు 22 నాడు ఇదే తూర్పు కనుమలల్ల అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి పోలీసు ఠాణా మీద పడి తుపాకులు ఎత్తుకపోయింది. ఆ మన్యం తిరుగుబాటుకు కారణాలల్ల ఒకటి, నర్సీపట్నం నుంచి కొండల మీదికి ఏసే రోడ్డుకు గూడెం తాసిల్దారు బాస్టియన్ కొండోళ్లతోటి పని చేయించుకొని కూలి ఎగ్గొట్టుడు. కలకత్తల ఆ బహుమతి, కొండల ఈ తుపాకి, రెండు ఒకటే ఏడాది. దామెర్ల తప్పేమన్న ఉన్నదా? లేదు. చిత్రకారుడు విలేకరి కాదు. మేము అనేది, ఆ రెండింటిని ఒక పేజీల పెట్టి చదువుకునే అలవాటు మనకు చెయ్యలె అని మాత్రమే. కళ పుస్తకంల దామెర్ల, చరిత్ర పుస్తకంల అల్లూరి. నడుమ కొండ రెండు ముక్కలైంది.

ఇంకో సంగతి. కొండల బొమ్మ గీయాలంటె గీసెటోడు ఎక్కడో ఒక దగ్గర నిలబడాలె. రోడ్డు మీదనో, బంగ్లా వరండలనో, పడవ మీదనో. ఆ రోడ్డు ఎవలేసిన్రు అంటె, కూలి దక్కనోళ్లు. ఇయ్యాల అరకు పోయే అద్దాల రైలు పెట్టె, 2017ల మొదలైన విస్టాడోమ్, ఏ పట్టాల మీద పోతది? కొత్తవలస–కిరండూల్ లైను మీద. 1960లల్ల ఆ లైను ఏసింది బస్తర్‌ల బైలడిల్ల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు పంపుటానికి. కొండ తవ్వకపోవుటానికి ఏసిన దారికెల్లి మనం కొండ అందం చూస్తున్నం. చూస్తె తప్పు గాదు, మేము గూడ ఆ రైలెక్కినం, సొరంగాలొచ్చినప్పుడల్లా పిల్లల లెక్క కేకలేసినం. కాని ఎక్కడ కూసోని చూస్తున్నమో ఎరుక ఉండాలె.

మరి కొండోళ్లే బొమ్మ గీస్తె ఎట్ల గీస్తరు? వాళ్లకు గీసుడు రాదనుకుంటున్నరా? సీతంపేట దిక్కు, వంశధార, నాగావళి నదుల నడుమ కొండలల్ల సవరలు ఉంటరు. ఒడిశా దిక్కు గూడ ఉంటరు. వాళ్ల ఇంట్లె ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లల్ల కలిపి, పుల్ల కొసను నమిలి కుంచె చేసుకొని తెల్లగ బొమ్మ గీస్తరు. ఒడిశా దిక్కు ఇడితాల్ అంటరు. వెరియర్ ఎల్విన్ దాన్ని ఇట్టలాన్ అని రాసుకొని, 1951ల ‘ది ట్రైబల్ ఆర్ట్ ఆఫ్ మిడిల్ ఇండియా’ పుస్తకంల ఎక్కించిండు. అది అలంకారం గాదు. ఇంట్లె రోగమొచ్చినా, పంట తెగులు పడ్డా, పెద్దలు కలలకొచ్చి అడిగినా గోడ మీద వాళ్లకొక ఇల్లు గీస్తరు. చచ్చిపోయినోళ్లు, దేవతలు అండ్లకొచ్చి ఉండాలె. గీసినంక పూజారి చూసి ‘ఇది తక్కువైంది, అది పెట్టు’ అంటె మళ్ల పెడ్తరు. బొమ్మకు యజమాని చిత్రకారుడు గాదు, కొనుక్కున్నోడు అసలే గాదు, దాంట్ల ఉండెటోడు.

ఆ బొమ్మల ఏముంటయి? జీలుగు చెట్టు ఎక్కుతున్న మనిషి ఉంటడు, కోతులు ఉంటయి, నెమలి, జింక, పొద్దు, నెలవంక, చేతులు పట్టుకొని ఆడే వరుస, కావడి మోసేటోళ్లు. వాటి నడుమనే గుర్రమెక్కిన ఆఫీసరు, తుపాకి పట్టుకున్న బంట్రోతు, రైలు, సైకిలు, ఆకాశంల విమానం. ఎల్విన్ చూసిన బొమ్మలల్లనే ఇవన్ని ఉన్నయి. కొండోడు తన లోకంల ఎవ్వన్నీ దాయలె. మీద పడ్డ దొరను గూడ గీసిండు, వాని టోపితోటి సహ. దగ్గర–దూరం లేదు, చిన్న–పెద్ద అనేది బలం లెక్కనే గని దూరం లెక్కన కాదు. చూసెటోడు నిలబడుటానికి ప్రత్యేకమైన జాగ లేదు. లాడ్జి బొమ్మల మనుషులు ఇద్దరు, ఇద్దరికీ మొఖాలు లేవు. సవర గోడ మీద మనుషులు వందల లెక్కన, ఎవలు ఏం పని చేస్తున్నరో ప్రతి ఒక్కటి తెలుస్తది.

సవరల ముచ్చట వచ్చింది గనుక ఇంకొకటి. వ్యావహారిక భాష కోసం జీవితమంత కొట్లాడిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిల పంతులుగ ఉండంగ, సవర భాష నేర్చుకున్నడు. సవర పిల్లలకు సవర మాటలతోటే పుస్తకాలు రాసిండు, బడి పెట్టిండు, ఆనక సవర నిఘంటువు తీసుకొచ్చిండు. కొండ మీద పిలగాడు తన ఇంటి మాటల చదువుకోవాలె అన్నోడే తెలుగు పిలగాడు గూడ తన ఇంటి మాటల చదువుకోవాలె అన్నడు. మన యాసను సినిమాల రౌడీలకు, జోకర్లకు పెట్టినప్పుడు మేము మండిపడ్డం, ఆ మంట న్యాయమైనదే. గిడుగును తలుచుకునేటప్పుడు సవరలను మరిచిపోవుడు మాత్రం మనకు గూడ అలవాటైంది.

ఈ ముచ్చట తెలంగాణోళ్లకు ఎందుకు అనేటోళ్లు ఉంటరు. అరకు ఎక్కడ, మనమెక్కడ అంటరు. నీళ్ల ఎంట పోదాం రండ్రి.

ఆ లాడ్జి పిలగాని ఊరి పక్కనుంచి పారేది మత్స్యగెడ్డ. మాడుగుల కొండలల్ల పుట్టి, పాడేరు, ముంచింగిపుట్టు దిక్కు తిరిగి, ఒడిశా సరిహద్దు పట్టుకొని మాచ్‌ఖండ్ అయితది. జలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టి 1955ల మాచ్‌ఖండ్ కరెంటు తీసిన్రు. కింద అదే సీలేరు. మళ్ల ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు, కరెంటు మీద కరెంటు. ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కలిసే మూల దగ్గర అది శబరిల కలుస్తది. శబరి కూనవరం దగ్గర గోదావరిల కలుస్తది. ఆ కూనవరం 2014 దాక మన ఖమ్మం జిల్ల. ఆన్నుంచి నీళ్లు పాపికొండల నడుమకెల్లి దామెర్ల రామారావు రాజమండ్రికి పోతయి. లాడ్జి బొమ్మల ఆ నది ఏడికెల్లి వచ్చిందో, ఏడికి పోతదో లేదు గని, అసలు నదికి రెండు ఉన్నయి.

పాపికొండల కొండరెడ్ల గురించి హైమెండార్ఫ్ 1945ల ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ రాసిండు. అప్పుడు గోదావరికి ఒక ఒడ్డు నిజాం రాజ్యం, రెండో ఒడ్డు మద్రాసు ఏజెన్సీ. రెండు ఒడ్డులల్ల ఒకటే జాతి, ఒకటే పోడు, ఒకటే జీలుగు. వెదురు, కలప కాంట్రాక్టర్ల అప్పుల కింద వాళ్లు ఎట్ల నలిగిన్రో ఆయన రాసిండు. నది గీత గీసింది సర్కార్లకు గని కొండరెడ్లకు గాదు. మన వాదం ఎంత బలమైనదైనా ఈ మాట దాచొద్దు: కుక్కునూరు, వేలేరుపాడు నిజాం దిక్కు, భద్రాచలం, కూనవరం, చింతూరు మద్రాసు దిక్కు. భద్రాచలం డివిజన్ తూర్పుగోదావరి నుంచి ఖమ్మంల కలిసింది 1959లనే. అప్పుడు గూడ కోయను, కొండరెడ్డిని ఎవ్వడు అడగలె. 2014 మే చివర ఆర్డినెన్సు తెచ్చి ఏడు మండలాలను, భద్రాచలం పట్టణం, బూర్గంపాడుల కొన్ని ఊర్లు మినహా, ఆంధ్రల కలిపినప్పుడూ అడగలె. రాష్ట్రం పుట్టే నాలుగు రోజుల ముందు, మే 29న, తెలంగాణ బంద్ చేసినం. జూలైల పార్లమెంటు ఆ బిల్లును పాస్ చేసింది. 2022 ఏప్రిల్‌ల కొత్త జిల్లాలు గీసినప్పుడు అరకు, కూనవరం ఒకే అల్లూరి సీతారామరాజు జిల్లల పడ్డయి. నీళ్లు ఎప్పుడో కలిపిన ఊర్లను కాయితం అప్పుడు కలిపింది, అది గూడ ముంచుటానికి లెక్క కట్టినంక.

పోలవరం పూర్తి మట్టం 45.72 మీటర్లు, అంటె 150 అడుగులు. ముంపు ఊర్లు మూడు వందలకు పైన, కుటుంబాలు లక్షకు పైన. అండ్ల సగానికి దగ్గర ఆదివాసులే. 2022 జూలై 16 నాడు భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు టీవీలల్ల డ్రోన్ బొమ్మలు చూసినం. మీదికెల్లి చూస్తె అది గూడ ‘నది ఒడ్డున పల్లె’ బొమ్మనే. ఇండ్ల కప్పులు, తాటితలలు, నీళ్లు. కింద మనుషులు ఏ గుట్ట మీద టార్పాలిన్ కింద ఉన్నరో డ్రోన్‌కు కనవడలె.

ఇంకో బొమ్మ యాదికొస్తది. పాపికొండల పడవ ప్రయాణం. రెండు ఒడ్డుల గుడిసెలు, గట్టు మీద మేకలు, చేపల వల ఏసేటోళ్లు. టూరిస్టులకు వాళ్లు బొమ్మల మనుషులు. 2019 సెప్టెంబర్ 15 నాడు కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు, పోలీసులు, బలగాలు రాకముందే తమ చిన్న పడవలేసుకొని పోయి నీళ్లల్ల ఉన్నోళ్లను గట్టెక్కించింది ఆ ఒడ్డు పల్లెలోళ్లే. దూరంకెల్లి చుక్కల లెక్క కనవడ్డోళ్లే ఆనాడు పానం పోసిన్రు. ఆ దేవీపట్నం మండలం ఊర్లు గూడ పోలవరం ముంపు జాబితల ఉన్నయి.

ఇగ మన ముచ్చట. మా చిన్నప్పుడు బొమ్మలల్ల చెరువు లేదని ఏడ్చినం గదా, దాన్ని తెచ్చినోళ్లు మనకు ఉండిరి. సిద్దిపేట కాపు రాజయ్య బోనాలను, బతుకమ్మను, గొల్లోళ్లను, ఊరి జాతరను తన బొమ్మల నిలబెట్టిండు. తోట వైకుంఠం పెద్ద బొట్టు, మెరిసే చీర, నల్లటి మెయితోటి మన ఆడోళ్లను దేశమంత చూసేటట్టు చేసిండు. ఆ బొమ్మలు చూసి మనం గర్వపడ్డం, ‘ఇది మా ఊరు’ అన్నం. ఉద్యమం పోస్టర్లల్ల, ధూంధాం తెరల మీద ఆ రంగులే వాడుకున్నం. మంచిదే. కాని మా చేతులతోటి మేము అంటించిన పోస్టర్లను ఇయ్యాల గుర్తు చేసుకుంటె, అండ్ల ఆదివాసి ఎట్లున్నడు? కొమురం భీం తుపాకి పట్టుకొని ఉన్నడు. ఇంకొక మూలకు కొమ్ములు, ఈకలు పెట్టుకొని డోలు కొట్టే మనిషి ఉన్నడు. ఒకడు అమరుడు, ఇంకొకడు అలంకారం. పోడు పట్టా కోసం ఫారెస్టోళ్ల కాడ చేతులు కట్టుకొని నిలబడ్డోడు మన పోస్టర్ల గూడ లేడు. కొబ్బరిచెట్టు ఊరు మనకు ఏం చేసిందో, మనం కొండూరికి అదే చేసినం. ఈ మాట రాస్తుంటె మా దోస్తులల్లనే కొందరికి కోపమొస్తది, ఎరుకే.

మేము అడిగేవి పెద్ద కోరికలు గావు. బడి పుస్తకంల ‘గ్రామ దృశ్యం’ పాఠం ఉంటె ఒక్కో దిక్కు బడిల ఒక్కో బొమ్మ ఉండనియ్యిన్రి. సార్లు బోర్డు మీద గీసి చూపెట్టుడు బంద్ చేసి, పిల్లలను బయటికి తోలి ‘మీ ఊర్ల నీళ్లు యాడ ఉన్నయో గీయిన్రి’ అనుమనండ్రి. అరకుల 1996ల పెట్టిన గిరిజన మ్యూజియం ఉన్నది, మట్టి బొమ్మలు మంచిగ చేసిన్రు, ధింసా ఆట ఉన్నది, సంత ఉన్నది. జలాపుట్, సీలేరు నీళ్ల కింద ఏ ఊర్లు పోయినయో ఒక పటం గీసి ఆ గోడకు పెడితె మ్యూజియంకు వచ్చే నష్టమేంది? టూరిస్టు ఒక్క నిమిషం ఆగి చదువుతడు, అంతే గదా.

లాడ్జి ఖాళీ చేసేటప్పుడు ఆ పిలగాన్ని మళ్ల అడిగినం, ‘మరి మీ ఊరు గీస్తె ఏం గీస్తవు తమ్మీ’ అని. వాడు సిగ్గుపడ్డడు. బ్యాగు కారుల పెట్టినంక, ‘ఊరంటె ఏ ఊరండి? మా తాతోళ్ల ఊరు జలాపుట్ నీళ్లల్ల ఉందండి, ఎండాకాలం నీళ్లు దిగితే చింతమొద్దు కనిపిస్తదని మా అయ్య అనేటోడు’ అన్నడు.

ఆ ఎండాకాలం మేము మళ్ల పోలేకపోయినం. 2014 జూలై తర్వాత కూనవరానికి ఎన్నిసార్లు పోయినం అని ఎవలన్న అడిగితె, రెండుసార్లు. ఒకటి వరదకు, ఒకటి పెండ్లికి.